నాన్నకి కాళ్లు బిగుసుకుపోతున్నాయి. నడుం డిస్క్ అంటున్నారు, నమ్మాలా?

ఉద్దానం_కుర్రాడు
మాది కవిటి మండలం. నాన్నకి అరవై దగ్గర పడుతున్నాయి. వయసొచ్చినప్పటి నుంచీ కొబ్బరి దింపు, కావిడి మోత. కిందటి సంక్రాంతి తర్వాత నడక మారింది. కాళ్లు బిగుసుకుపోయి అడుగు తేలిగ్గా పడట్లేదు. చెప్పు జారిపోయినా తెలియట్లేదు. నొప్పి మాత్రం పెద్దగా లేదు. ఊళ్లో సూదులు వేసే ఆయన "నరాల బలహీనత" అంటూ వారం వారం సూది వేసి, నొప్పి మాత్రలు ఇస్తున్నాడు. నడుం ఎంఆర్ఐ తీయిస్తే ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య, డిస్క్ కొంచెం ఉబ్బిందని రాశారు. బెల్టు పెట్టుకోమన్నారు. పెట్టుకున్నా మార్పు లేదు. పైగా మా ఉద్దానం వైపు చాలామందికి కిడ్నీలు పాడయ్యే సంగతి మీ అందరికీ తెలిసిందే. కిడ్నీ పనితనం చెప్పే రక్త పరీక్షలో నాన్న క్రియాటినిన్ 1.6 ఉంది, అంటే ఎక్కువే. ఏటి చెయ్యాలో తెలియక రాస్తున్నా.

పలాస_జీడితోట
ముందు ఆ నొప్పి మాత్రలు ఆపించు తమ్ముడూ. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ మీద నేరుగా దెబ్బ కొడతాయి. నొప్పే పెద్దగా లేదంటున్నావు, మరి ఆ సూది దేనికి? మా మావయ్యకి డయాలసిస్ మొదలయ్యే ముందు వాడినవి అవే. కిడ్నీ డాక్టర్‌ని అడగకుండా ఒక్క మాత్ర కూడా వద్దు.

బొబ్బిలి_వీణ
మా బాబాయికీ ఇదే ఎల్4-ఎల్5. వ్యాయామాలు చేయించారు, బరువులు ఎత్తొద్దన్నారు. ఇప్పుడు శుభ్రంగా నడుస్తున్నాడు. టెన్షన్ పడకు, నడుం డిస్క్ లేని ఇల్లు ఉండదు.

రాజాం_ఫిజియో
వీణ గారూ, మీ బాబాయి గారిదీ ఇదీ ఒకటి కాదనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం కిందిదాకా రాదు. మెదడు అడుగున మొదలై, సుమారు 45 సెంటీమీటర్ల పొడవున దిగి, నడుం మొదటి పూస ఎల్1 దగ్గర, కొందరిలో ఎల్2 దగ్గర ఆగిపోతుంది. ఆ కింద ఉండేది నరాల కట్ట మాత్రమే. కాబట్టి ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ ఎంత ఉబ్బినా అది నొక్కేది నరాలనే, వెన్నుపామును కాదు. నరం నొక్కుకుంటే పిరుదు నుంచి పిక్కలోకి నొప్పి పాకుతుంది, కాలు మెత్తబడి పట్టు సడలుతుంది. కాళ్లు బిగుసుకుపోవడం దీనికి పూర్తిగా ఎదురు. బిగువు వచ్చిందంటే దెబ్బ పైన ఎక్కడో ఉన్నట్టు. మెడలో కావచ్చు, వీపు మధ్యలో కావచ్చు, ఒక్కోసారి మెదడులోనే కావచ్చు. నడుం ఎంఆర్ఐలో ఆ చోట్లు అసలు రావు.

ఇంకో సంగతి. యాభై దాటినవాళ్లని ఎవరిని తీసుకెళ్లి ఎంఆర్ఐ తీసినా చాలామందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. కనిపించింది కదా అని అదే రోగానికి కారణం అయిపోదు.

తమ్ముడూ, ఇవి చూసి చెప్పు. నాన్న చొక్కా గుండీలు తేలిగ్గా పెట్టుకోగలుగుతున్నారా? చిల్లర లెక్కపెట్టగలరా? మెడ ముందుకు వంచితే వెన్ను వెంట కరెంటు కొట్టినట్టు అనిపిస్తోందా? మూత్రం వస్తే ఆపుకోలేకపోతున్నారా, లేక మొదలుపెట్టడానికి చాలాసేపు పడుతోందా? కళ్లు మూసుకుని నిలబడితే తూలుతున్నారా?

ఉద్దానం_కుర్రాడు
గుండీలు అమ్మే పెడుతోంది. వయసు వల్ల అనుకున్నాం. చిల్లర కూడా చేతిలోంచి జారిపోతోంది. మూత్రానికి పరుగెత్తాల్సి వస్తోందని నిన్న అడిగితే చెప్పారు, ఇన్నాళ్లూ సిగ్గుపడి చెప్పలేదట. కరెంటు సంగతి లేదంటున్నారు. మెడ నొప్పి కూడా లేదు.

బొబ్బిలి_వీణ
మెడ నొప్పే లేనప్పుడు మెడకి ఎంఆర్ఐ దేనికి? ఊరికే డబ్బు ఖర్చు కాదా?

రాజాం_ఫిజియో
మెడలో వెన్నుపాము నలిగినవాళ్లలో చాలామందికి మెడ నొప్పి ఉండదండీ. అందుకే నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. యాభై ఐదు దాటినవాళ్లలో వెన్నుపాము దెబ్బతినడానికి ఎక్కువగా కనిపించే కారణం మెడ పూసల అరుగుదలే. డిస్కులు అరిగి, ఎముక అంచులు పెరిగి, వెనక ఉండే లిగమెంట్ దళసరి అయ్యి, వెన్నుపాము దిగే దారి ఇరుకైపోతుంది. చేతుల పనితనం పోవడం, కాళ్లు బిగుసుకోవడం, మూత్రం ఆగకపోవడం మూడూ కలిసి వచ్చాయంటే నేనైతే ఒక్కరోజు కూడా ఆగను. న్యూరాలజీ డాక్టర్ సుత్తితో మోకాలి మీద కొట్టి చూస్తారు, అరికాలి మీద గీస్తారు. గీసినప్పుడు బొటనవేలు పైకి లేస్తే అది పైనుంచి వచ్చిన దెబ్బే.

టెక్కలి_సిస్టర్
ఫిజియో గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మెడ ఎంఆర్ఐకి మామూలుగా సిరలోకి ఎక్కించే రంగు మందు (కాంట్రాస్ట్) అక్కర్లేదు. నొక్కుడు ఎక్కడుందో మందు లేకుండానే కనిపిస్తుంది. నాన్నగారి క్రియాటినిన్ సంగతి స్కానింగ్ సెంటర్‌లో ముందే చెప్పు. మందు ఇవ్వాల్సి వస్తే వాళ్లు కిడ్నీ పనితనం లెక్కేసుకుని నిర్ణయిస్తారు.

అప్పటిదాకా చెట్టు ఎక్కనివ్వకు, తలమీద గానీ భుజం మీద గానీ మోత వద్దు. ముఖ్యంగా మంగలి షాపులో మెడ పుటుక్కుమనిపించడం బంద్. ఇరుకైన మెడని అలా తిప్పితే ఒక్క క్షణంలో కాళ్లూ చేతులూ పడిపోవచ్చు.

ఆమదాలవలస_జంక్షన్
ఆ మెడ విరుపు మా ఊళ్లో కటింగ్‌తో పాటు ఫ్రీ. ఈ పోస్టు మా షాపు ఆయనకి చూపించి వస్తా.

చీపురుపల్లి_మాస్టారు
మెడ ఒక్కటే అనుకోవద్దు. నా సంగతి వినండి. నేను శాకాహారిని. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్నాను. రెండేళ్ల కిందట అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. నేల తగలట్లేదన్నట్టు ఉండేది. పగలు బాగానే నడిచేవాణ్ణి, కరెంటు పోతే మాత్రం గోడ పట్టుకోవాల్సిందే. ముఖం కడుక్కుంటూ కళ్లు మూస్తే తూలిపోయేవాణ్ణి. అందరూ షుగర్ నరాలు అన్నారు. ఒక యువ డాక్టరమ్మ బి12 చూపించింది. బాగా తక్కువ. బి12 లేకపోతే వెన్నుపాము వెనక భాగంలో నరాల మీది పొర చెడిపోతుందట. కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకి కబురు చెప్పే దారులు అక్కడివే. అందుకే చూపు తోడు లేకపోతే తూలుడు.

ఇంజక్షన్లు మొదలుపెట్టాక కొన్ని నెలల్లో నడక కుదుటపడింది. కొంచెం తిమ్మిరి మిగిలింది. ఆలస్యమైతే ఆ కొంచెం చాలా అయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. అందరికీ ఒక జాగ్రత్త. రక్తం తక్కువని వట్టి ఫోలిక్ యాసిడ్ మాత్రలే మింగితే రక్తం పెరుగుతుంది, కానీ బి12 లోటు మాత్రం లోపల నరాలని తింటూనే ఉంటుంది. మాంసం తినేవాళ్లకి కూడా జీర్ణాశయానికి ఆపరేషన్ అయినా, పేగు పీల్చుకోకపోయినా ఈ లోటు వస్తుంది.

బొబ్బిలి_వీణ
మాస్టారూ, మా అమ్మ కూడా కరెంటు పోతే గోడ పట్టుకుంటుంది. చూపు మందగించిందనుకున్నాం. రేపే బి12 చూపిస్తాను.

నాగావళి_ఒడ్డు
మా ఇంట్లో జరిగింది ఇంకో రకం. మా తమ్ముడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్లాడు. వీపు మధ్యలో నొప్పి, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చగా ఉండేది, మనిషి చిక్కిపోయాడు. పనివల్లే అనుకుని తైలాలు రాశారు. సొంతూరు వచ్చేటప్పటికి వీపు మీద చిన్న గూని లేచింది, తర్వాత కాళ్లు పట్టు తప్పాయి. వెన్నుపూసల్లో టీబీ. దగ్గు లేదు, కఫం లేదు, ఊపిరితిత్తులు శుభ్రం. టీబీ అంటే దగ్గే అనుకునే మాకు నమ్మబుద్ధి కాలేదు. పూసలు రెండు తినేసి, చీము పేరుకుని వెన్నుపామును నొక్కేసింది.

మందులు ప్రభుత్వ టీబీ కేంద్రంలోనే ఉచితంగా ఇచ్చారు. ఊపిరితిత్తుల టీబీకి ఆరు నెలలు చాలు, ఎముకకి మాత్రం ఏడాది పైనే వాడించారు. చీము తీసి రాడ్లు వేశారు. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. టీబీ రోగులకి ప్రభుత్వమిచ్చే నిక్షయ్ పోషణ్ కింద పోషకాహారానికి నెలకి 500 వచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. అడగనివాళ్లు ఎందరో ఉన్నారు, అడిగి తీసుకోండి.

పైడితల్లి_సన్నిధి
అందరూ ఆపరేషన్లు, స్కానింగ్‌లు అంటున్నారు. మా ఊరి దగ్గర నడుముకి వాతలు పెట్టే ఆయన ఉన్నాడు. ఎంతమందో నడిచారు. ఒకసారి చూపించుకుంటే పోయేదేముంది?

నాగావళి_ఒడ్డు
పోయేది ఉంది. మా తమ్ముడికి ముందు పెట్టించింది వాతలే. తిమ్మిరి ఎక్కిన చర్మానికి కాలినా తెలియదు. పుండ్లు పడ్డాయి. వాటిలో చీము పట్టి ఆపరేషన్ వెనక్కి జరిగింది. ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

రాజాం_ఫిజియో
స్పర్శ తగ్గిన చోట వాతలే కాదు, వేడినీళ్ల కాపడం కూడా ప్రమాదమే. కాలి బొబ్బలెక్కాకే చూసుకుంటారు.

టెక్కలి_సిస్టర్
చెట్టు మీంచి పడ్డవాళ్ల గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు. మన వైపు కొబ్బరి, తాటి చెట్లు ఎక్కేవాళ్లు ఎంతమందో. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఒరిగిన చెట్లు కొడుతూ దెబ్బలు తిన్నవాళ్లనీ చూశాను.

ఎవరైనా పడి కాళ్లు కదలట్లేదంటే నలుగురు కలిసి చంకల కింద, మోకాళ్ల కింద పట్టుకుని ఎత్తకండి. ఆటోలో కూర్చోబెట్టకండి. మంచినీళ్లు తాగించడానికి తల లేపకండి. విరిగిన పూస అప్పటిదాకా వెన్నుపామును తాకకపోయినా ఆ ఎత్తడంలో కోసేయొచ్చు. తల, మెడ, వీపు ఒకే వరసలో కదలకుండా పట్టుకుని, ఒకేసారి దొర్లించి వెడల్పు చెక్క మీదికి చేర్చాలి. చేతనైతే 108 వచ్చేదాకా కదపకుండా ఉంచడమే మేలు.

ఇంటికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే పిరుదుల మీద, మడమల మీద పుండ్లు పడతాయి. మూత్రానికి ఎప్పుడూ గొట్టం ఉంచేయడం కంటే, నేర్పించుకుని నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రంగా గొట్టం పెట్టి తీసేయడం చాలామందికి మంచిది. కిడ్నీలు నిలబడతాయి. దెబ్బ వీపు పైభాగంలో గానీ మెడలో గానీ ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి తలపోటు, ముఖం ఎర్రబడడం, చెమటలు, బీపీ ఎగబాకడం వస్తే వెంటనే కూర్చోబెట్టి మూత్రసంచి నిండిందేమో, గొట్టం మడత పడిందేమో చూడండి. ఇది తెలియక ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

సాలూరు_లారీ
సిస్టర్ పోస్టు మా డ్రైవర్ల గ్రూపులో పెట్టాను. రోడ్డు మీద మేమే ముందు చేరతాం. ఇన్నాళ్లూ ఎవరూ ఇంత వివరంగా చెప్పలేదు.

గజపతినగరం_అమ్మాయి
నాకు ఇరవై ఏడు. అరిగే వయసు కాదు, దెబ్బ తగల్లేదు. జ్వరం వచ్చి తగ్గిన కొన్నాళ్లకి బొడ్డు చుట్టూ ఎవరో బిగించి కట్టినట్టు అనిపించింది. మర్నాటికి కాళ్లు లేవలేదు, మూత్రం బిగిసిపోయింది. వెన్నుపాముకి వాపు, ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అన్నారు. మన ఒంటి రక్షణ వ్యవస్థే మన వెన్నుపాము మీద పడుతుందట. సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించారు, తర్వాత నెమ్మదిగా లేచాను.

కొన్ని నెలల తర్వాత ఒక కన్ను మసకబారింది. అప్పుడు రక్తంలో ఆక్వాపోరిన్-4 అనే ప్రోటీన్ మీద దాడిచేసే యాంటీబాడీ చూస్తే ఉంది. ఎన్ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా) అన్నారు, కంటి నరాన్నీ వెన్నుపామునూ పట్టే జబ్బు. మళ్లీ మళ్లీ దాడి చేసే రకం, ఒక్కో దాడికీ ఎంతో కొంత మిగిల్చి పోతుంది. అందుకే బాగున్నా మందు ఆపకూడదు. మా ఇంట్లో "నడుస్తున్నావు కదా, ఇంకా మందులెందుకు" అంటారు. వాళ్లకి చూపించడానికే ఇది రాస్తున్నాను.

ఆమదాలవలస_జంక్షన్
మా కజిన్‌కి కూడా జ్వరం తర్వాత కాళ్లు పడిపోయాయి. జీబీఎస్ (గియాన్-బారె సిండ్రోమ్) అన్నారు. ఇదే కదా?

రాజాం_ఫిజియో
కాదు. జీబీఎస్‌లో దెబ్బ తినేది వెన్నుపాము నుంచి బయటికి వచ్చిన నరాలు. బలహీనత పాదాల నుంచి పైకి ఎక్కుతుంది, సుత్తితో కొడితే మోకాలు కదలదు. అమ్మాయి చెప్పినట్టు నడుం చుట్టూ గీత గీసినట్టు "ఇక్కడి నుంచి కిందికి తెలియదు" అనడం వెన్నుపాము దెబ్బకి గుర్తు. రెండూ ఎమర్జెన్సీలే. మందులు వేరు.

కనిగిరి_కోడలు_విజయనగరం
నా పుట్టిల్లు పాత ప్రకాశం జిల్లాలోని కనిగిరి. మా తాత కాలంలో చాలామంది నిలువునా వంగలేక, మెడ తిప్పలేక బతికారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించితే తాగకూడదంటారు. ఏళ్ల తరబడి తాగితే ఎముక దళసరి అవుతుంది, పూసల్ని పట్టి ఉంచే లిగమెంట్లు కూడా రాయి కడతాయి. ఆఖరికి వెన్నుపాము దారి మూసుకుపోతుంది. నల్గొండలోనూ ఇదే కథ. పని కోసమో పెళ్లయ్యో అటు వెళ్లిన మన వాళ్లు ఆ నీళ్ల సంగతి అడిగి తెలుసుకోండి.

చీపురుపల్లి_మాస్టారు
నీళ్లే కాదు, పప్పు కూడా. ఖేసరి పప్పు రోజూ నెలల తరబడి ప్రధాన ఆహారంగా తింటే అందులోని విషం కాళ్లని శాశ్వతంగా బిగించేస్తుంది. ఉత్తరాదిన కరువు కాలంలో ఊళ్లకి ఊళ్లు అలా కుంటుపడ్డాయి. అందుకే 1961లో అమ్మకం నిషేధించారు. కందిపప్పులో, శనగపిండిలో కల్తీగా కలిపేవారు. పిల్లల సంగతి కూడా చెప్పాలి. తల్లి కడుపులో బిడ్డ వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది ఆడపిల్లలకి నెల తప్పిందనే తెలియదు. కాబట్టి ఆ గొట్టం సరిగ్గా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు గర్భానికి ముందు నుంచే...

పలాస_జీడితోట
మాస్టారూ, బెల్లు కొట్టేశారు. 😊 కానీ ఆ చివరి ముక్క మా చెల్లికి ఇప్పుడే పంపాను, పెళ్లి దగ్గర్లో ఉంది.

ఉద్దానం_కుర్రాడు
మెడ ఎంఆర్ఐ వచ్చింది. సీ4 నుంచి సీ6 దాకా, అంటే మెడ నాలుగో పూస నుంచి ఆరో పూస దాకా, రెండు చోట్ల వెన్నుపాము నలిగింది, లోపల మచ్చలా మార్పు కూడా ఉందన్నారు. డాక్టర్ అరికాలి మీద గీస్తే బొటనవేలు పైకే లేచింది. ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. బి12 కూడా చూపించాం, పరవాలేదు. నాన్న ఒప్పుకోవట్లేదు. "వెన్నుకి కత్తి పెడితే మంచం పట్టడమే" అని ఊళ్లో అందరూ చెప్తున్నారు. అమ్మ ఏడుస్తోంది.

సాలూరు_లారీ
మా పెదనాన్నా ఒప్పుకోలేదు. రెండేళ్లు కర్రతో నడిచి, ఓ రోజు గడప దగ్గర తూలి పడ్డాడు. చిన్న పడడమే, ఎముక విరగలేదు. మెడ ఇరుకుగా ఉండడంతో వెన్నుపాము నలిగిపోయి కాళ్లూ చేతులూ నాలుగూ పడిపోయాయి. ఆపరేషన్ భయం నాకూ అర్థమవుతుంది. అలా వదిలేయడం మాత్రం అంతకంటే భయం.

బొబ్బిలి_వీణ
అందరికీ కత్తి అవసరం లేదు కదా. మా ఇంటి పక్కావిడకి మెడ స్కాన్‌లో నొక్కుడుందన్నారు. మందులతో, జాగ్రత్తతో ఏళ్లుగా అలాగే ఉంది.

రాజాం_ఫిజియో
నిజమే. లక్షణాలు చాలా తేలిగ్గా ఉండి, పెరగకపోతే కనిపెట్టుకుని ఉండొచ్చు. వీళ్ల నాన్నగారికి గుండీలు పోయాయి, నడక పోతోంది, మూత్రం మీద పట్టు పోతోంది, ఏడాది తిరక్కుండానే. ఇది ఆగే రకం కాదు.

నాన్నకి ఇలా చెప్పు. ఆపరేషన్ మొదటి ఉద్దేశం ఇంకా చెడకుండా ఆపడం. పోయినదాంట్లో ఎంత వెనక్కి వస్తుందో మనిషిని బట్టి, ఎంత త్వరగా చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలామందికి చేతులూ నడకా కొంతైనా మెరుగవుతాయి. ప్రమాదాలు లేవని చెప్పను. ముందు నుంచి చేస్తే కొన్నాళ్లు గొంతు బొంగురుపోవచ్చు, మింగడం కష్టం కావచ్చు. భుజం బలహీనపడే అవకాశం కొద్దిగా ఉంది. అవన్నీ సర్జన్‌ని నాన్న ఎదురుగానే అడుగు. ఆయనే నేరుగా వింటే సగం భయం తగ్గుతుంది.

గజపతినగరం_అమ్మాయి
స్టెమ్ సెల్స్ ఎక్కిస్తాం, ఆపరేషన్ అక్కర్లేదు అని ఫోన్లు వస్తాయి, జాగ్రత్త అన్నా. నాకు వచ్చాయి, లక్షలు అడిగారు. వెన్నుపాముకి ఆ చికిత్స మన దేశంలో పరిశోధనలో తప్ప బయట చెయ్యడానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఒప్పుకోలేదని మా డాక్టరే చెప్పారు.

టెక్కలి_సిస్టర్
ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని ముందే కలువు. ఏవి వర్తిస్తాయో రాతపూర్వకంగా చూపిస్తారు. కిడ్నీ రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టు. మత్తు డాక్టర్ వాటినే ముందు అడుగుతారు. తర్వాత లోటు మిగిలితే వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కి పెట్టుకోవచ్చు. ఇప్పుడు దివ్యాంగుల పింఛను నెలకి 6,000.

ఉద్దానం_కుర్రాడు
నాన్న సర్జన్‌తో మాట్లాడారు. సాలూరు అన్న పోస్టు చదివి వినిపించాక చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "తోట కౌలుకిచ్చేద్దాం" అన్నారు. వచ్చే వారం విశాఖలో చేరుతున్నాం. రక్తం ఒక యూనిట్ సిద్ధం చేసుకోమన్నారు. నాన్నది ఓ నెగెటివ్. మా ఇంట్లో ఎవరిదీ కలవలేదు.

ఆమదాలవలస_జంక్షన్
నాది ఓ నెగెటివే. కిందటిసారి ఇచ్చి నాలుగు నెలలు దాటింది. ఏ బ్లడ్ బ్యాంకో మెసేజ్‌లో పెట్టు, ముందురోజు పొద్దున్న ప్యాసింజర్‌కి వచ్చేస్తా.

సాలూరు_లారీ
నాన్నని బస్సులో తీసుకెళ్లకు తమ్ముడూ, ఆ కుదుపులకి మెడ తట్టుకోదు. మా వాళ్ల కారు ఇచ్ఛాపురం నుంచి ఖాళీగా వస్తుంది. ఏ రోజో చెప్పు చాలు.